వసంతంలో కొండ వెన్నుపై వలస డేగల లెక్కింపు: సస్యరక్షణకు అది చెప్పే సాక్ష్యం

పంటపై పిచికారీ చేసిన పురుగుమందు ఫలితాన్ని మనం సాధారణంగా ఆ పొలం గట్టు దాటకుండానే కొలుస్తాం. మందు చల్లిన మూడవ రోజున, ఏడవ రోజున మొక్కకు ఎన్ని పురుగులు మిగిలాయో లెక్కిస్తాం. కోత సమయంలో దిగుబడి తూకం వేస్తాం. ఖర్చు, ఆదాయాల నిష్పత్తి కట్టి సిఫారసు చేస్తాం. అయితే అదే మందు ఫలితం పొలానికి వేల కిలోమీటర్ల దూరాన, వ్యవసాయంతో ఏ సంబంధమూ లేనట్లు కనిపించే కొండ శిఖరంపై కూడా కొలతకు అందుతుంది. అక్కడ లెక్కించేది పురుగులను కాదు, ఋతువు మారిన వేళ ఆకాశమార్గాన సాగిపోయే డేగలు, గ్రద్దలు, గరుడపక్షులు, రాబందులు మొదలైన వేటపక్షులను. ఆహార శృంఖలలో పైమెట్టున ఉన్న ఈ పక్షులు ఎలుకలను, మిడతలను, చిన్న పక్షులను, కళేబరాలను తిని జీవిస్తాయి కనుక పొలాల్లో జరిగే మార్పు వాటి సంఖ్యలో ప్రతిఫలిస్తుంది. ఈ లెక్కింపు ఎలా జరుగుతుంది, ఏ మేరకు నమ్మదగినది, సస్యరక్షణ సిఫారసులు చేసే మనకు దానితో పని ఏమిటి అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

సాండియా కొండలపై వసంతం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, అల్బుకర్కీ నగరానికి తూర్పున సాండియా పర్వతశ్రేణి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. ఈ శ్రేణి దక్షిణ భాగంలోని ఒక ఎత్తైన స్థానం నుండి వసంతకాలపు వేటపక్షుల లెక్కింపు 1985లో మొదలైంది. అనంతరం అది హాక్‌వాచ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఆధ్వర్యంలో కొనసాగింది. ఫిబ్రవరి చివరి వారం నుండి మే మొదటి వారం వరకు లెక్కింపు కాలం. అదే రాష్ట్రంలో, సాండియాకు దక్షిణాన ఉన్న మంజానో కొండలపై శరదృతువులో మరొక లెక్కింపు జరుగుతుంది. ఉత్తరానికి పోయేటప్పుడు ఒక కొండపై, దక్షిణానికి తిరిగి వచ్చేటప్పుడు మరొక కొండపై లెక్కించడం వలన ఒకే వలసమార్గపు రెండు ముఖాలు నమోదవుతాయి.

పక్షులు కొండ వెన్నునే ఎందుకు ఆశ్రయిస్తాయి? బరువైన దేహం గల వేటపక్షికి రెక్కలు ఆడిస్తూ వేల కిలోమీటర్లు ఎగరడం శక్తికి మించిన పని. అందుచేత అది గాలి శక్తిని అరువు తెచ్చుకుంటుంది. కొండవాలుకు అడ్డంగా వీచిన గాలి ముందుకు పోయే దారి లేక వాలు వెంబడి పైకి లేస్తుంది. ఆ గాలిపై రెక్కలు చాచి ఉంచితే చాలు, పక్షి వెన్ను పొడవునా సాగిపోగలదు. సాండియా కొండల పడమటి ముఖం నిటారుగా ఉంటుంది. వసంతంలో ఆ ప్రాంతంలో బలంగా వీచేవి కూడా పడమటి, నైఋతి గాలులే. రెండవ ఆధారం ఎండ. ప్రొద్దెక్కిన కొద్దీ వేడెక్కిన నేల నుండి గాలి స్తంభాలుగా పైకి లేస్తుంది. పక్షి ఆ స్తంభంలో సుడులు తిరుగుతూ ఎత్తుకెక్కి, అక్కడి నుండి రెక్కలు కొద్దిగా ముడిచి తరువాతి స్తంభం వరకు జారుతుంది. విశాలమైన మైదానంపై చెదిరిపోయి ఎగిరే పక్షులను ఈ విధంగా కొండ ఒక సన్నని దారిలోకి చేరుస్తుంది. కాలువ నీటిని కొలవడానికి తూము వద్ద నిలబడటం ఎటువంటిదో, వలసపక్షులను కొలవడానికి కొండ వెన్నుపై నిలబడటం అటువంటిది.

వసంతపు లెక్కకు ఒక ప్రత్యేకత ఉంది. శరత్తులో దక్షిణానికి పోయే గుంపులో ఆ ఏడాది పుట్టిన పిల్లలు అధికంగా ఉంటాయి కనుక సంఖ్య సాధారణంగా పెద్దదిగా ఉంటుంది. వాటిలో చాలా భాగం మొదటి శీతకాలాన్ని దాటలేవు. వసంతంలో ఉత్తరానికి మరలేవి శీతకాలపు ఆకలిని, చలిని, వేటగాళ్లను, విషాలను దాటి బ్రతికి బయటపడినవి. అందుచేత శరత్తు లెక్క ఆ ఏటి సంతానోత్పత్తిని, వసంతపు లెక్క మిగిలిన ప్రజనన సంపదను సూచిస్తుంది. మన భాషలో చెప్పాలంటే మొదటిది మొలక శాతం, రెండవది కోత నాటికి నిలిచిన మొక్కల సంఖ్య. రెండూ అవసరమే గాని ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు.

లెక్కింపు విధానం

విధానం చూడటానికి సులభంగా ఉంటుంది. శిక్షణ పొందిన పరిశీలకులు ప్రతిరోజూ ఒకే స్థానంలో, ఒకే వేళల్లో బైనాక్యులర్లతో ఆకాశాన్ని పరిశీలిస్తారు. కనిపించిన ప్రతి వేటపక్షిని జాతి వారీగా, సాధ్యమైనంత వరకు వయస్సు, లింగం, రంగు భేదం వారీగా గంట గంటకూ నమోదు చేస్తారు. దానితోపాటు ప్రతి గంటా గాలి వేగం, దిశ, ఉష్ణోగ్రత, మబ్బు శాతం, దృష్టి ఆనే దూరం, పక్షులు ఎగురుతున్న ఎత్తు కూడా వ్రాస్తారు. 1974లో ఏర్పడిన ఉత్తర అమెరికా డేగల వలస పరిశీలన సంఘం ఇటువంటి గంటవారీ నమోదు పత్రాన్ని ప్రామాణికం చేసింది. దాని వలన వేర్వేరు కొండలపై వేర్వేరు వ్యక్తులు వ్రాసిన లెక్కలను ఒకచోట పేర్చి పోల్చడానికి వీలు కలిగింది.

గుర్తింపు ఈకల రంగును బట్టి జరుగుతుందని చాలామంది అనుకుంటారు. కిలోమీటరు దూరంలో రంగు కనిపించదు. ఆకారం, రెక్కల పోకడ మాత్రమే కనిపిస్తాయి. పొట్టి గుండ్రని రెక్కలు, పొడవైన తోక కలిగి, నాలుగైదుసార్లు రెక్కలాడించి కొంత జారేవి కూపర్ డేగ వంటి అడవి డేగలు. వెడల్పు రెక్కలు, పొట్టి తోకతో సుడులు తిరిగేవి ఎర్రతోక డేగ, స్వెయిన్‌సన్ డేగ వంటివి. మొనదేలిన రెక్కలు గలవి సాళువ జాతులు. రెక్కలను కొంచెం పైకెత్తి, గాలిలో అటూ ఇటూ తూలుతూ పోయేది టర్కీ రాబందు. పూత పూసిన తరువాత కలుపు మొక్కను ఎవరైనా గుర్తిస్తారు. రెండాకుల దశలో గుర్తించడమే నేర్పు. ఇదీ అటువంటిదే.

ఈ పనిలో పాటించే కొన్ని నియమాలు మన విద్యార్థులకు ప్రత్యేకంగా పరిచయం చేయదగినవి.

మొదటిది: కనిపించిన పక్షి అంతా వలసపక్షి కాదు. ఆ కొండపైనే కాపురముండే డేగ రోజుకు పదిసార్లు కనిపించవచ్చు. నిర్ణీత రేఖను దాటి వలస దిశలో సాగిపోయినదే లెక్కలోకి వస్తుంది.

రెండవది: గుర్తించలేని పక్షిని గుర్తించలేదనే వ్రాయాలి. అధికంగా కనిపించే జాతి ఖాతాలో వేసి పట్టికను నిండుగా చూపడం దోషం.

మూడవది: పక్షి రాని గంటకు సున్నా వ్రాయాలి. పరిశీలకుడు లేని గంటను ఖాళీగా ఉంచాలి. ఈ రెండూ ఒకటి కావు. సున్నా ఒక పరిశీలన. ఖాళీ పరిశీలన లేకపోవడం.

సంఖ్య చెప్పేది, చెప్పనిది

కొండపై లెక్కించిన సంఖ్య ఆ జాతి మొత్తం జనాభా కాదు. ఎన్నో పక్షులు ఆ కొండకు దూరంగా వెళతాయి. ఎన్నో కంటికి అందని ఎత్తులో పోతాయి. మధ్యాహ్నం వేడిగాలి స్తంభాలు బలపడినప్పుడు పక్షులు మరీ ఎత్తుకెక్కడం వలన ఆ వేళ వలస తగ్గినట్లు భ్రమ కలుగుతుంది. నిర్మలమైన నీలాకాశం పరిశీలకునికి అనుకూలం కాదు. తెల్లని మబ్బు వెనుక ఉంటే చుక్కంత పక్షి కూడా కనిపిస్తుంది. కనుక ఈ సంఖ్య ఒక సూచిక మాత్రమే. సూచికకు విలువ వచ్చేది దానిని ప్రతి ఏటా ఒకే తీరున తీసినప్పుడే.

అందుకే మొత్తం సంఖ్య కన్నా గంటకు ఎన్ని పక్షులు అన్న రేటుకు ప్రాధాన్యం ఇస్తారు. ఉదాహరణకు ఒక ఏడాది 600 గంటలు పరిశీలించి 3,000 పక్షులను, మరొక ఏడాది వానలు, మంచు కారణంగా 400 గంటలే పరిశీలించి 2,400 పక్షులను లెక్కించారని అనుకుందాం. మొత్తం చూస్తే 20 శాతం తగ్గుదల. గంటకు చూస్తే 5 నుండి 6కు పెరుగుదల. ఎన్ని గంటలు పరిశీలించారో వ్రాసి ఉండకపోతే ఈ రెండింటిలో ఏది నిజానికి దగ్గరో తేల్చే మార్గం లేదు. రేటు కూడా సంపూర్ణం కాదు. వలస ముమ్మరంగా సాగే వారంలోనే వాన పడితే సగటు తప్పుదారి పట్టిస్తుంది. అందువలన తేదీని, వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకునే గణాంక నమూనాలను ఉపయోగించి, పది, ఇరవై ఏళ్ల ధోరణిని మాత్రమే నమ్ముతారు. ఒక ఏటి హెచ్చుతగ్గు చూసి నిర్ణయానికి రారు.

లింగాకర్షక బుట్టలు, దీపపు ఎరల లెక్కలతో పనిచేసే మనకు ఇందులో కొత్త సూత్రమేమీ లేదు. బుట్టలో పడిన మగ రెక్కల పురుగులు పొలంలోని పురుగుల మొత్తం కాదని, బుట్ట స్థానం, ఎర మార్చిన తేదీ, గాలివాన వివరాలు లేకపోతే ఆ సంఖ్యకు అర్థం లేదని మనమే బోధిస్తాం. కొండపై పరిశీలకులు చేస్తున్నది ఇదే సూత్రాన్ని దశాబ్దాల పాటు సడలించకుండా పాటించడం.

హాక్ మౌంటెన్: కారణం తెలియకముందే పలికిన లెక్క

ఇటువంటి వరుస లెక్క ఎంత దూరం చూడగలదో చెప్పడానికి పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్ ఉత్తమ ఉదాహరణ. కిట్టటిన్నీ కొండ వెన్నుపై ఉన్న ఈ చోట ప్రధానంగా జరిగేది శరత్కాలపు లెక్కింపు. 1930ల ఆరంభంలో ఇది లెక్కించే చోటు కాదు, కాల్చే చోటు. కోళ్లకు శత్రువులని, వేటజంతువులను హరిస్తాయని డేగలను అక్కడ గుంపులుగా కాల్చి చంపేవారు. నిజానికి వేటపక్షులు, గుడ్లగూబల జీర్ణాశయాలను వేల సంఖ్యలో పరీక్షించి, వాటిలో అధిక భాగం రైతుకు హాని కన్నా మేలే చేస్తున్నాయని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన ఆల్బర్ట్ కెన్రిక్ ఫిషర్ 1893లోనే నివేదించాడు. ఆ నివేదిక ఉండగానే కాల్పులు నాలుగు దశాబ్దాలు సాగడం, పరిశోధన ఫలితానికీ ప్రజల నమ్మకానికీ మధ్య ఉన్న దూరాన్ని చూపుతుంది. విస్తరణ శాస్త్రం పుట్టింది ఆ దూరాన్ని తగ్గించడానికే. 1934లో రోజలీ ఎడ్జ్ ఆ కొండను కౌలుకు తీసుకుని కాల్పులు ఆపించింది. ఆమె నియమించిన మారిస్ బ్రౌన్ ఆ శరత్తులోనే లెక్కింపు మొదలుపెట్టాడు.

బ్రౌన్ పక్షులను లెక్కించడంతో ఆగక వాటి వయస్సు కూడా వ్రాశాడు. ఆ వివరమే తరువాత అత్యంత విలువైనదైంది. రేచల్ కార్సన్ 1962లో ప్రచురించిన సైలెంట్ స్ప్రింగ్ గ్రంథంలో హాక్ మౌంటెన్ లెక్కలను ఉదహరించింది. 1935–39 మధ్య కనిపించిన బట్టతల గరుడపక్షులలో పిల్లలు 40 శాతం. 1955–59 మధ్య అవి 20 శాతానికి పడిపోయాయి. 1957లో ప్రతి 32 పెద్దపక్షులకు ఒక్క పిల్ల మాత్రమే కనిపించింది. పెద్దవి తిరుగుతూనే ఉన్నాయి కనుక సాధారణ చూపరికి లోటు కనిపించదు. వయోనిష్పత్తిని చూసినవారికి మాత్రం తరువాతి తరం పుట్టడం లేదని అర్థమవుతుంది. కీటకనాశినుల అవశేషాలకు, వేటపక్షుల గుడ్ల పెంకులు పలుచబడటానికి ఉన్న సంబంధాన్ని బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ 1967లో వెలుగులోకి తెచ్చాడు. అమెరికాలో డీడీటీ నిషేధం 1972లో వచ్చింది. మన దేశంలో వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని 1989లో నిషేధించారు. అంటే కొండపై లెక్క ముందు పలికింది, కారణం తరువాత దొరికింది, చర్య ఇంకా ఆలస్యమైంది.

మిడతల డేగ, మోనోక్రోటోఫాస్

రెండవ ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. సాండియా కొండలపై వసంతంలో నమోదయ్యే జాతులలో స్వెయిన్‌సన్ డేగ ఒకటి. ఉత్తర అమెరికా పశ్చిమ మైదానాలలో గూడు కట్టే ఈ డేగ శీతకాలాన్ని అర్జెంటీనా పచ్చిక మైదానాలలో గడుపుతుంది. ఒక్కొక్క వైపు ప్రయాణం సుమారు 10,000 కిలోమీటర్లు. పిల్లలను పెంచే కాలంలో ఎలుక జాతులను వేటాడే ఈ పక్షి, అర్జెంటీనా చేరిన తరువాత వేల సంఖ్యలో గుంపు కట్టి ప్రధానంగా మిడతలను తింటుంది. అక్కడివారు స్పానిష్ భాషలో దీనికి పెట్టిన పేరుకు అర్థం కూడా మిడతల డేగ అనే.

1990ల మధ్యలో ఉత్తర కాలిఫోర్నియాకు చెందిన బ్రయన్ వుడ్‌బ్రిడ్జ్ కొన్ని డేగలకు ఉపగ్రహ ప్రసారిణులు అమర్చి, అవి చేరిన లా పాంపా ప్రాంతానికి స్వయంగా వెళ్లాడు. అక్కడ పొలాలలో, చెట్ల తోపుల క్రింద వందలాది డేగల కళేబరాలు కనిపించాయి. 1995–96 పంటకాలంలో జరిపిన విస్తృత పరిశీలనలో 5,000కు పైగా చనిపోయిన డేగలను లెక్కించారు. మొత్తం మరణాలు సుమారు 20,000 ఉంటాయని అంచనా వేశారు. కారణం మోనోక్రోటోఫాస్. లూసర్న్, పొద్దుతిరుగుడు పొలాలలో మిడతల నివారణకు రైతులు ఆ మందును పిచికారీ చేశారు. మందు పడిన మిడతలను తిన్న డేగలు, పిచికారీ సమయంలోనే పొలంలో మేస్తున్న డేగలు నేరుగా విషప్రభావానికి లోనయ్యాయి. మెదడులోని కోలినెస్టరేజ్ ఎంజైము పరీక్షలు, జీర్ణాశయంలోని అవశేషాలు దీనిని ధ్రువపరిచాయి. ఏ పురుగును అదుపు చేయడానికి మందు చల్లారో, ఆ పురుగును ఉచితంగా అదుపు చేస్తున్న పక్షినే ఆ మందు హరించింది. ఆ తరువాత అర్జెంటీనాలో ఆ మందు వాడకంపై ఆంక్షలు వచ్చాయి. తయారీదారులు సరఫరాను ఉపసంహరించుకోవడానికి అంగీకరించారు. రైతులకు విస్తృతంగా అవగాహన కల్పించారు. ఆ స్థాయి మరణాలు పునరావృతం కాలేదు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. కొండపై లెక్క మాత్రమే ఉంటే డేగలు తగ్గాయని తెలిసేది గాని ఎక్కడ, ఎందుకు అన్నది తెలిసేది కాదు. ఉపగ్రహ జాడ మాత్రమే ఉంటే మరణస్థలం దొరికేది గాని ఆ నష్టం జాతి మొత్తానికి ఎంత అన్నది, చర్య తరువాత కోలుకుందా లేదా అన్నది తెలిసేది కాదు. ధోరణిని చెప్పేది దీర్ఘకాలపు లెక్క, కారణాన్ని చెప్పేది పొలం. రెండింటినీ కలిపే బాధ్యత మాత్రం పొలం వైపున ఉన్న మనదే.

మన నేలపై

మోనోక్రోటోఫాస్ పేరు తెలియని ప్రత్తి రైతు తెలుగు నేలపై అరుదు. రసం పీల్చే పురుగుల నివారణకు ఒక పాలు మందును నాలుగు పాళ్ల నీటిలో కలిపి లేత కాండంపై పూయమని మనమే సిఫారసు చేశాం. పైరంతా పిచికారీ చేయడం కన్నా ఆ పద్ధతి మిత్రపురుగులకు మేలని వివరించాం. ఆ వాదనలో బలం ఉంది. కాని పొలం చేతికి వచ్చిన డబ్బా కాండానికి పూయడంతో ఆగలేదన్నది కూడా క్షేత్రస్థాయిలో తిరిగినవారందరికీ తెలిసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యంత ప్రమాదకరమైన మందుల తరగతిలో చేర్చింది. మన దేశంలో 2005లో కూరగాయలపై దీని వాడకాన్ని నిషేధించారు. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఈ మందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది చిన్నారులు మరణించారు. 36 శాతం ద్రావణ రూపాన్ని దశలవారీగా తొలగించే కేంద్ర ఉత్తర్వు 2023లో వచ్చింది.

లెక్కింపు ముందు, కారణం తరువాత అన్న క్రమం మన దేశంలోనూ కనిపించింది. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనంలో 1980లలో రాబందులను లెక్కించిన విభు ప్రకాశ్, 1990ల చివర మళ్లీ లెక్కించినప్పుడే తెల్లవీపు రాబందుల పతనం శాస్త్రలోకానికి స్పష్టమైంది. పశువులకు వాడే డైక్లోఫెనాక్ అందుకు కారణమని 2004లో నిర్ధారణ కాగా, పశువైద్యంలో దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. అదే మందు స్టెప్పీ గరుడపక్షులకు కూడా ప్రాణాంతకమని రాజస్థాన్‌లో దొరికిన కళేబరాల పరీక్ష ఆధారంగా 2014లో వెల్లడించారు. ఈ గరుడపక్షులనే హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల వద్ద, ధౌలాధార్ శ్రేణి ముంగిట 2001 శరత్తులోను, 2002 వసంతంలోను వేల సంఖ్యలో లెక్కించారు. మన దేశంలో కొండ వెన్నుపై వసంతపు లెక్కింపుకు అది ఒక పునాది.

దక్కను పీఠభూమికి వచ్చే వలస వేటపక్షులలో రైతుకు అత్యంత సన్నిహితమైనవి పిల్లిగద్దలు. మధ్య ఆసియా మైదానాల నుండి శరత్తులో వచ్చే మాంటేగ్ పిల్లిగద్ద, పాలిడ్ పిల్లిగద్ద మన పచ్చిక భూములపై, మెట్టపైర్లపై పగలంతా తక్కువ ఎత్తులో తిరుగుతూ మిడతలను, చిన్న జీవులను పట్టి తింటాయి. చీకటి పడే వేళ గడ్డిభూములలో గుంపుగా నేలపై బస చేస్తాయి. రోళ్లపాడు గడ్డిభూములు అటువంటి బసకు ప్రసిద్ధి. ఆంధ్రప్రదేశ్‌లో ఏడు శీతకాలాల పాటు సాగిన పిల్లిగద్దల బస లెక్కలు 2000లో ప్రచురితమయ్యాయి. కొండ వెన్ను ఆకాశంలోని పక్షులను ఒక దారిలోకి చేర్చినట్లే, సాయంకాలపు బస మైదానంలో చెదిరిన పక్షులను ఒకచోటికి చేరుస్తుంది. మనకు అందుబాటులో ఉన్న కొలమానం ఇదే.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు చేయదగినది

మన పురుగుమందుల ప్రయోగాల నమోదు పత్రంలో పురుగుల సంఖ్యకు, సాలీళ్లకు, అక్షింతల పురుగులకు, దిగుబడికి గళ్లు ఉన్నాయి. ఎక్కడినుండో వచ్చి, కొంతకాలం ఉండి, వెళ్లిపోయే పక్షికి గడి లేదు. పక్షి స్థావరాలు నాటమని రైతుకు సిఫారసు చేస్తాం గాని వాటిపై వాలినవి ఎన్ని అన్నది ఏళ్ల తరబడి లెక్కించిన పరిశోధనా క్షేత్రాలు తక్కువ. ఈ లోటును పూరించడానికి పెద్ద నిధులు అవసరం లేదు.

పరిశోధనా స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు తమ క్షేత్రంలో ఒక స్థిరమైన స్థానాన్ని ఎంచుకుని అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు వారానికి ఒక రోజు, నిర్ణీతమైన రెండు గంటలు వేటపక్షులను లెక్కించవచ్చు. సమీపంలో పిల్లిగద్దల బస ఉంటే నెలకొక సాయంకాలం సూర్యాస్తమయానికి ముందు అక్కడికి చేరి, పక్షులు దిగే దారికి దూరంగా నిలబడి లెక్కించాలి. బసలోకి నడిచి వెళ్లకూడదు. ప్రతి నమోదులో తేదీ, ప్రారంభ సమయం, ముగింపు సమయం, పరిశీలకుల సంఖ్య, గాలి, మబ్బు తప్పనిసరిగా ఉండాలి. ఏ పక్షీ రాని రోజున సున్నా వ్రాయాలి. చుట్టుపక్కల ఆ వారంలో ప్రధానంగా పిచికారీ చేసిన మందుల పేర్లు మరొక గడిలో చేర్చాలి. చనిపోయిన లేక తూలుతున్న పక్షి కనిపిస్తే చేతితో తాకకుండా ఛాయాచిత్రం తీసి, స్థలం, సమయం నమోదు చేసి వెంటనే అటవీశాఖకు తెలియజేయాలి.

విద్యార్థి ఒకరు తన పట్టా కాలంలో ఈ లెక్క నుండి పెద్ద ఫలితాన్ని ఆశించలేడు. రెండేళ్ల సంఖ్యలతో ధోరణి తేలదు, వ్యాసం కూడా కాకపోవచ్చు. అందుకే ఈ పనిని వ్యక్తికి గాక క్షేత్రానికి అప్పగించాలి. వర్షమాపకం రీడింగును అధికారి బదిలీ అయినా ఆపం కదా, ఈ లెక్కకూ ఆ హోదా కల్పించాలి. మోనోక్రోటోఫాస్ స్థానంలోకి వచ్చిన, రాబోయే మందులు మన మిడతలపై, మన ఎలుకలపై, వాటిని తినే పక్షులపై ఏ ప్రభావం చూపుతాయో పదిహేనేళ్ల తరువాత ఎవరో అడుగుతారు. ఆనాడు జవాబు చెప్పగలిగేది ఈ శీతకాలంలో వ్రాయడం మొదలుపెట్టిన పుస్తకమే.